దీపాల గది మనిషికి అంతుపట్టని బ్యాటరీ

నా చేతుల మీదుగా పోయిన బ్యాటరీలను వరసగా పేరిస్తే మా చాంపియన్ రీఫ్స్ నుంచి మారికుప్పం స్టేషను దాకా వస్తాయి. గొప్ప కోసం చెప్పడం లేదు. కోలారు బంగారు గని మూతపడేదాకా నేను దాని దీపాల గదిలో పని చేశాను. లోపలికి దిగే ప్రతి మనిషీ తన నంబరు బిళ్ళ మా కిటికీలో ఇచ్చి, టోపీకి తగిలించే దీపాన్నీ, నడుముకు కట్టుకునే బ్యాటరీనీ తీసుకుని పోయేవాడు. షిఫ్టు ముగిసి పైకొచ్చాక వాటిని మా ముందు పడేసి బిళ్ళ తీసుకునేవాడు. తుడవడం, మూతలు విప్పి డిస్టిల్డ్ వాటర్ పోయడం, చార్జింగుకు పెట్టడం మా పని. ఏ దీపమైనా గని లోపల ఆరిపోతే, ఎందుకు ఆరిందో మర్నాడు పొద్దునకల్లా ఒక్క ముక్కలో రాసి పెట్టాలి. వైరు తెగింది, నీళ్ళు తగ్గాయి, ప్లేటు కుళ్ళింది, ఏదో ఒకటి. ‘తెలియదు’ అని రాస్తే మా పైవాడు కాగితాన్ని మొహాన కొట్టేవాడు.

నేను బడికి పోయింది మూడో తరగతి వరకే. ఇంగ్లీషు నేర్చింది చార్జింగు గది గోడకు అతికించిన కాగితాల మీద. తెలుగు నేర్చింది అంగడివాడు బెల్లం కట్టి ఇచ్చిన పత్రికల్లో. అందుకని అచ్చులో ఉన్నది ఏది కనిపించినా చివరిదాకా చదవనిదే వదలను. ఆ అలవాటు కూడా ఈ కథలో నేరస్థుల్లో ఒకటేమో నాకింకా తేలలేదు.

కారు మా అమ్మాయి కొన్నది. ఆమె మా దగ్గరే ఉంటుంది, రోజూ తెల్లవారుజామునే మారికుప్పంలో రైలెక్కి బెంగుళూరికి ఉద్యోగానికి పోయి వస్తుంది. రైల్లో పోయే మనిషికి కారెందుకంటే, వాళ్ళమ్మ కోసం. నా భార్యకు రెండు కళ్ళలోనూ పొర. కుడి కంట్లో మరీ ముదిరింది. అన్నంలో రాయి కనబడదు, వాకిట్లో నిలబడ్డ మనిషిని గొంతు విని పోల్చుకుంటుంది. ఇంకా నాన్చితే ఆ కన్ను మీద ఆశ వదులుకోవాల్సిందేనని కోలారు ఆస్పత్రి డాక్టరమ్మ మొహం మీదే చెప్పింది. మూడేళ్ళుగా నేను చెబుతున్నాను, ఆమె తప్పించుకుంటోంది. ఒకసారి తేదీ ఇచ్చిన రోజు తల మీద బల్లి పడిందంది. ఇంకోసారి షుగరు ఎక్కువుందని వాళ్ళే పంపించేశారు. బస్సు అంటే అసలే వద్దు. రాబర్ట్‌సన్‌పేట బస్టాండులో మెట్టు కనబడక జారిపడి మోకాలు చీల్చుకుంది. చివరికి విసిగిపోయి ఆమే ఒక మాట అంది: “సొంత కారులో తీస్కపోతే వస్తా. లేకపోతే నా కండ్ల మాట ఎత్తద్దు.” కారు కొంటామని కలలో కూడా అనుకోక అన్న మాట అది. అమ్మాయి దాన్ని పట్టుకుంది.

కారు వచ్చింది, ఆపరేషను తేదీ వచ్చింది. రెంటికీ మధ్య పన్నెండు రోజులు. నా భార్య పుట్టిల్లు క్యాసంబళ్ళి. రాగీ, మామిడీ, పట్టుపురుగులూ ఉన్న ఇల్లు. వాళ్ళింట్లో కొత్త వస్తువు ఏదొచ్చినా, తొలిసారి వాడే రోజు వరకు దేవుడి ముందు పెడతారు. కొత్త కొడవలైనా అంతే, పురుగులు గూళ్ళు కట్టుకునే వెదురు చంద్రికె అయినా అంతే. కారును దేవుడి ముందు పెట్టలేం కాబట్టి తాళాన్ని పెట్టింది. పూజ రోజు చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, ఇంటి పక్కన గోడకు ఆనించి నిలబెట్టాక, తాళం తీసుకుపోయి పటం ముందు పసుపు బియ్యంలో ఉంచి, “ఆ పొద్దు దాకా దీన్ని ఎవరూ ముట్టకూడదు” అంది.

నేను ఒప్పుకున్నాను. తలుపులు తాళం వేయకుండా వదిలాం, గని కూలీలకు కట్టిన మా లైను ఇళ్ళలో ఎవరు ఎత్తుకుపోతారు? తాళం ముట్టుకోకపోయినా కార్లో కూర్చోవచ్చు కదా. కారుతో ఇచ్చిన పుస్తకం నాలుగు వందల పేజీల పైనే ఉంది. రోజూ కాఫీ తాగి తలుపు బార్లా తెరిచి, డ్రైవరు సీట్లో కూర్చుని, పెన్సిలు పట్టుకుని చదివేవాణ్ణి. నెత్తిన చిన్న దీపం వెలిగేది, చదువుకునే మనిషికి ఎంత మర్యాద చేస్తోందో అనుకున్నాను. బ్యాటరీ గురించి రాసిన పేజీ కింద గీతలు కూడా గీశాను. ఆపరేషను ముందు రోజు సాయంత్రం మాత్రం అమ్మాయి తలుపులన్నీ తాళం వేసి తాళాన్ని మళ్ళీ బియ్యంలో పెట్టింది. “తెల్లారితే కదిలే బండి నాయనా, ఈ పూటైనా తాళం వెయ్యనీ” అంది.

తెల్లారింది. అమ్మాయికి ఆఫీసులో తప్పని పని. మధ్యాహ్నానికి నేరుగా కోలారు వచ్చేస్తానని రైలుకు పోయింది. కారు నడిపేది నేను. తొమ్మిదిన్నరకు ఆస్పత్రిలో ఉండాలి. నా భార్య తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, ఏడింటికే వాకిట్లో స్టూలు మీద కూర్చుంది. చేతిలో గుడ్డ సంచి.  ఆ కూర్చోవడం నాకు తెలుసు. ఏదో ఒక సాకు దొరుకుతుందా అని చెవులు రిక్కించుకుని కూర్చోవడం.

నేను తాళం తెచ్చి నొక్కాను. ఏమీ లేదు. దగ్గరికి పోయి నొక్కాను. కిటికీ అద్దానికి ఆనించి నొక్కాను. కొత్త కారు, సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు కూడా తీయని కారు, రాయిలాగా నిలబడింది.

“ఏమాయె?” అంది నా భార్య.

“ఏం లేదు. నువ్వు గమ్మునుండు.”

“గమ్ముననే ఉండా. చప్పుడు రాలేదని అడిగితి.”

అమ్మాయికి ఫోను చేశాను. రైలు బంగారుపేట దాటి ఉంటుంది, మాట తెగి తెగి వస్తోంది. “నాయనా, రిమోట్ పక్కన చిన్న నొక్కుడు ఉండాది... లోపల్నుంచి ఇనుప తాళం వస్తాది... దాన్ని డోరుకు...” తరువాత గాలి. గోరుతో గీకితే నిజంగానే రిమోటు కడుపులోంచి అగ్గిపుల్లంత తాళం ఊడి చేతిలోకి వచ్చింది. దాన్ని దూర్చే కన్నం ఎక్కడ? తలుపంతా తడిమాను. కన్నం లేదు.

ఎదురింటాయన పళ్ళు తోముకుంటూ వచ్చాడు. గనిలోకి మనుషుల్ని దింపి ఎక్కించే వైండింగ్ ఇంజను నడిపినవాడు. ఇంట్లో తమిళం, నాతో తెలుగు. వేలితో పిడి చివర తడిమి, గోళ్ళు తీసే కత్తెరతో ఒక మూత ఎత్తి, “ఇదో, ఈడ దాచిపెట్టినాడు. దొంగకు అగపడకూడదని ఓనరుకు కూడా అగపడకుండా చేసినాడు” అన్నాడు. తలుపు తెరుచుకుంది. లోపల స్టార్టు బటను నొక్కాను. ముందున్న అద్దంలో ఏవో ఎర్ర బొమ్మలు ఒక్క క్షణం వణికి ఆరిపోయాయి. టిక్ టిక్ టిక్ అని లోపల ఎక్కడో బల్లి అరిచినట్టు చప్పుడు.

ఆ చప్పుడు నాకు తెలియక కాదు. చార్జి లేదు. కానీ ఎందుకు లేదు? ఊరు తిరగలేదు, దీపాలు వేయలేదు, పాట పెట్టలేదు. నా ఒంటికి నిప్పు అంటుకున్నట్టయింది. దేశంలో చాలా ఊళ్ళు కరెంటు మొహం ఎరగని రోజుల్లోనే మా లైన్లలో బల్బులు వెలిగాయి. అలాంటి చోటికి ఇలాంటి బ్యాటరీ పంపుతారా?

బానెట్ ఎత్తాం. ఇంజను ఉండాల్సిన చోట నల్ల ప్లాస్టిక్ మూత. అది తీస్తే ఇంకో మూత. బ్యాటరీ అనేది ఒక మూలన దుప్పటి కప్పుకున్న రోగిలాగా పడుంది. నీళ్ళు పోసే మూతలు ఒక్కటీ లేవు. ప్లస్సు మీద ఎర్ర టోపీ. మైనస్సు కనబడలేదు. పుస్తకం తెరిచాను. నేను గీతలు గీసిన పేజీలోనే ఉంది, వైరు తప్పు చోట కలిపితే కంప్యూటరు కాలిపోతుంది, బాధ్యత మాది కాదు అని. గీత గీసేటప్పుడు ఎంత బాగా రాశాడో అనుకున్న వాక్యం అది.

“తోద్దాం అన్నా,” అన్నాడు ఎదురింటాయన. “జీపు తోసి తోసి స్టార్టు చెయ్యలేదా మనం?”

నలుగుర్ని పిలిచాడు. నేను సీట్లో కూర్చున్నాను. అయిదుగురు కలిసి ఊపిరి బిగించి తోశారు. అంగుళం కదల్లేదు.

“హ్యాండ్ బ్రేకు తియ్యన్నా!”

“యాడుండాదో చూపించు, తీస్తా.”

“కడ్డీ లేదా?”

“కడ్డీ లేదు. బటనుండాది. బటనుకు కరెంటు కావాల.”

“గేరన్నా న్యూట్రలుకు వెయ్యి.”

“గేరు కూడా రాదు. దానికీ కరెంటు కావాలంట.”

“అయితే ఇది బండి కాదన్నా,” అని ఒకాయన చెమట తుడుచుకున్నాడు. “ఇల్లు. దీనికి డోరు నంబరు రాయించు.”

అందరూ నవ్వారు. స్టూలు మీద నా భార్య కూడా నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. సాకు దొరికిందని నవ్వినట్టు వినిపించింది. ఎనిమిదింబావు.

“ఆటో పిలవనా?” అని మెల్లగా అడిగాను.

“కారనే కదా మాట?”

“కారే. కదుల్తాది. పది నిమిషాలు.”

“నువ్వు చెప్తే పది నిమిషాలే,” అంది.

కంపెనీ వాళ్ళ సహాయం నంబరుకు ఫోను చేశాను. ఏ భాషకు ఏ అంకె నొక్కాలో చెప్పే గొంతు అయ్యాక, సంగీతం అయ్యాక, ఒక అమ్మాయి వచ్చింది. “సర్, మీ లొకేషన్ చెప్పండి.”

“చాంపియన్ రీఫ్స్.”

“అది ఏ సిటీ సర్?”

“సిటీ కాదమ్మా. బంగారు గనులు. కోలారు జిల్లా.”

“దగ్గర్లో ల్యాండ్‌మార్క్ ఏదైనా?”

“షాఫ్టు టవరుండాదమ్మా. ఇనప టవరు. నాలుగు మైళ్ళ దూరం నుంచి అగపడ్తాది.”

“మ్యాప్‌లో అది చూపించడం లేదు సర్. పక్కన ఏటీఎం కానీ, పెట్రోల్ బంకు కానీ ఉందా?”

ఒకప్పుడు భూమి లోపల అంతంత లోతుకు మనుషుల్ని దింపి ఎక్కించిన టవరు మ్యాప్‌లో లేదట, ఏటీఎం కావాలట. నేను అరవకూడదనుకుంటూనే అరిచాను. ఆమె ఓపిగ్గా విని, లైనులో ఉండమంది. మళ్ళీ సంగీతం. నేను బానెట్ కింద తల పెట్టి, ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో పుస్తకం పట్టుకుని మైనస్సు కోసం వెతుకుతున్నాను. ప్లస్సు ఏదో మైనస్సు ఏదో నిద్రలో లేపి అడిగినా చెప్పే మనిషిని. ఆ సంగీతం ఎంతసేపు వచ్చిందో నాకు లెక్క తెలియదు. చివరికి ఆమె వచ్చి, మనిషి బయల్దేరాడని చెప్పింది. తల ఎత్తి నడుము పట్టుకుని వాకిలి వైపు చూశాను.

స్టూలు ఖాళీగా ఉంది.

లోపలికి పోయి పిలిచాను. వంటింట్లో లేదు. ఎదురింటాయన తన గుమ్మంలో నిలబడి, “మా ఆవిడ జతలో పోయినాదన్నా,” అన్నాడు. “బస్టాండు దాకా ఆటో. ఆడ్నుంచి కోలారు బస్సు.”

“బస్సా? బస్సు ఎక్కనంటాదే!”

“నేనూ అదే అంటిని. ‘ఆయనకి అన్నీ తెలుసంటాడు, ఆయనే అట్ల తికమక పడ్తా ఉంటే నాకు తెలీకపోతే ఏమి పోయింది, పోదాం పద’ అని మా ఆవిడ చెయ్యి పట్టుకునింది.”

 మూడేళ్ళు బతిమాలితే కదలని మనిషి. బల్లి పడితే ఆగిన మనిషి. కొత్త కారు చచ్చి పడుంటే అంతకన్నా అపశకునం ఏం కావాలి? ఆ అపశకునాన్ని దాటుకుని, కనబడని మెట్లున్న బస్సెక్కడానికి పోయింది. వెంట పరుగెత్తాలా, కారు కోసం ఆగాలా? మనిషి బయల్దేరాడన్నారు, వచ్చేస్తాడు, కారులో పోతే బస్సు కన్నా ముందే పట్టుకుంటాను, అనుకున్నాను. ఆగాను. అది తప్పో ఒప్పో అప్పుడు తెలియలేదు.

బంగారుపేట నుంచి మెకానిక్ మోటారు సైకిలు మీద వచ్చేసరికి తొమ్మిదిన్నర దాటింది. నలభై ఏళ్ళ మనిషి, తలపాగా లాగా తువ్వాలు. టిఫిను క్యారియరు అంత పెట్టె తీసి రెండు వైర్లు తగిలించి, “నొక్కు తాతా” అన్నాడు. నొక్కాను. కారు ఏమీ జరగనట్టు మేల్కొంది. ఆ మైనస్సు ఎక్కడుందో చూపించమని అడిగాను. బ్యాటరీకి జానెడు దూరంలో, ఒక బోల్టు. అదే మైనస్సట.

“ఎందుకు చచ్చింది?” అన్నాను.

“తాళం యాడ పెడ్తారు?”

లోపలికి తీసుకుపోయి చూపించాను. పటం ముందు పసుపు బియ్యం. అతను గోడ మీద వేలి గణుపుతో కొట్టాడు. మా లైను ఇళ్ళ గోడలు ఎంత మందమో మా పక్కింటి దగ్గులే చెబుతాయి. “ఈ గోడకు అవతల బండి, ఇవతల తాళం. ఇది తిప్పే తాళం కాదు తాతా, దగ్గరికొస్తే బండికి తెలిసిపోతాది. ఓనరు వచ్చినాడు, ఓనరు వచ్చినాడు అని పన్నెండు దినాలు కాచుకోనుండాది. నిద్ర పోలేదు పాపం.”

అప్పుడే అతని కన్ను నా చేతిలోని పుస్తకం మీద పడింది. “ఇదంతా యాడ కూర్చొని చదివినారు?”

“కార్లో.”

“డోరు తెరిచి?”

“గాలి కావద్దా?”

“లైటు వెలుగుతుండెనా?”

నేను పుస్తకం మూశాను.

“అదీ అయ్యుండొచ్చు,” అన్నాడు.

“అదా, ఇదా? ఒకటి చెప్పు.”

“రెండూ కావొచ్చు. షోరూములో ఎన్నాళ్ళు ఎండలో పడుండిందో, అదీ కావొచ్చు. ఎవరికి తెల్సు తాతా? బండి లేసింది కదా. ఇంగ గంటసేపు ఆపకుండా నడపండి. మధ్యలో ఆపితే మళ్ళీ లేస్తాదని నేను చెప్పలేను.”

ఎవరికి తెల్సు! మా దీపాల గదిలో ఆ మాట రాసి ఉంటే వాడికి పని ఉండేది కాదు. అయినా వాదించే టైము లేదు. కారు తీశాను.

కోలారు దారంతా నాకు గుర్తులేదు. బస్సు కనిపిస్తే అందులో ఆమె ఉందేమోనని కిటికీలు చూడటం, వెనక లారీవాడు హారను కొట్టడం, ఇంతే. ఆస్పత్రి గేటు ముందు ఆగాక ఇంకో చిక్కు. గంట కాలేదు. ఇంజను ఆపితే మళ్ళీ లేవకపోవచ్చు. ఆపకుండా దిగితే కారు ఊరుకోదు, పిచ్చెక్కినట్టు కూస్తుంది. దిగి తలుపు వేశాను, కూసింది. మళ్ళీ ఎక్కాను, ఊరుకుంది. మళ్ళీ దిగాను. గేటు దగ్గరి వాచ్‌మన్ చాలాసేపు చూసి, “ఏం సామీ, దిగేదా ఎక్కేదా? ఒకటి చెయ్యి” అన్నాడు.

లోపల మా మనిషి ఏ వరసలో కూర్చుందో, భయపడి లేచి వచ్చేస్తోందో. మనవాళ్ళు ఎవరని అడిగితే ఎవరిని చూపిస్తోందో. నేను చెయ్యి పెట్టి బటను నొక్కేశాను. కారు చల్లారిపోయింది. లేస్తే లేస్తుంది.

మేడ మీద వరండాలో ఎదురింటామె ఒక్కతే బెంచీ మీద ఉంది. చేతి రుమాలులో నా భార్య గాజులూ, ముక్కుపుడకా, తాళీ మూటకట్టి, శిలువ గొలుసు వేలాడే తన మెడ దగ్గర పట్టుకుని కూర్చుంది.

“లోపలికి తీస్కపోయి చానా సేపాయె అన్నా.”

“సంతకం ఎవరు పెట్టినారు?”

“ఆమే. ఇంటాయన రాలేదా అని నర్సు అడిగితే, ‘ఆయన ఇంగో రోగిని చూస్తా ఉండాడు’ అనింది.”

“భయపడిందా?”

“బస్సులో కిటికీ పక్క సీటు కోసం కండక్టరుతో కొట్లాడింది. కండ్లే అగపడవు, కిటికీ ఎందుకమ్మా అన్నాడు వాడు. ‘వచ్చేటప్పుడు చూస్తా కదప్పా’ అనింది. మెట్టు దగ్గర మాత్రం నా చెయ్యి ఎముక విరిగేటట్ల పట్టుకునింది.” చెయ్యి చూపించింది. మణికట్టు మీద గోళ్ళ గుర్తులు.

గంట తరువాత బయటికి తెచ్చారు. కుడి కంటికి పచ్చటి గుడ్డ. బెంచీ మీద కూర్చోబెట్టారు.  బ్యాటరీ ఎందుకు దిగిపోయిందో చెప్పబోయాను. తాళం దగ్గరికి వచ్చేసరికి, అది ఆమె తప్పని అంటున్నట్టు అవుతుందని ఆగాను. పుస్తకం దగ్గరికి వస్తే నా తప్పవుతుంది.

“చెప్పు, ఏమయింది దానికి?” అంది ఆమే.

“ఎవరికి తెల్సు,” అన్నాను.

మధ్యాహ్నం అమ్మాయి వచ్చి బటను నొక్కితే కారు లేచింది. దారిలో అమ్మాయి అంది, రెండో కంటికి నెల తరువాత రమ్మన్నారని. “ఆ పొద్దుకు నేనే తీస్కపోతా” అన్నాను. వెనక సీట్లోంచి నా భార్య, “నువ్వు వద్దు. మేమిద్దరం బస్సులో పోతాం,” అంది ఎదురింటామె చెయ్యి తట్టి. కోపంగా కూడా అనలేదు. “పొయ్యేముందు చెప్పి పోదామని నిన్ను పిలిస్తిని. నీకు వినబడలేదు.”

నేను వినలేదు. ఒట్టేసి చెబుతాను, వినలేదు. మర్నాడు పొద్దున ఎదురింటాయన పళ్ళు తోముకుంటూ ఉంటే దగ్గరికి పోయి అడిగాను, నిజంగా పిలిచిందా అని.

“మూడుసార్లు పిలిచింది అన్నా. నువ్వు ఫోను చెవికి పెట్టుకోని, తల ఎత్తకుండా, చెయ్యి ఇట్ల ఊపినావు.”

“పొమ్మని ఊపినానా? ఉండమని ఊపినానా?”

“నాకేమి తెల్సు?” అని పుక్కిలించి ఉమ్మేశాడు. “ఆమెకు నీ మొగమా అగపడదు. తెల్ల చొక్కా చెయ్యి ఊగడం వరకే అగపడింటాది. పొమ్మనే అనుకునింది.”